జలపాతాలు, ఇరుకు లోయల దారిలో ఒక్కరోజు ట్రెక్: ప్లాన్ చేసుకునే పద్ధతి

"మొత్తం 12 కిలోమీటర్లేనట. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు కదా?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. రాలేరు. చదును రోడ్డు మీద 12 కిలోమీటర్లు వేరు, తడిబండల మీద అడుగు చూసుకుంటూ, వాగులు దాటుకుంటూ 12 కిలోమీటర్లు వేరు.

ఇంకో పెద్ద తేడా ఉంది. మామూలు కొండకు వెళ్తే ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. జలపాతాల దారుల్లో చాలావాటికి ఇది తిరగబడుతుంది. నీళ్లు లోయ అడుగున ఉంటాయి కాబట్టి ముందు హాయిగా దిగిపోతాం. కాళ్లు పీకుతున్నప్పుడు, సీసాలో నీళ్లు అడుగంటినప్పుడు, పొద్దు వాలుతున్నప్పుడు అసలు ఎక్కుడు మొదలవుతుంది. కింద రాసిన ప్లానంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

## 1. "ఓ మోస్తరు" అంటే ఎంతో తేల్చుకోండి

దారి మొదట్లో బోర్డు మీదో, ఏదో యాప్‌లోనో "మోడరేట్" అని ఉంటుంది. ఆ మాటకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఆ మాట రాసినాయన రోజూ కొండలెక్కేవాడైతే ఆయన మోడరేట్ మీకు చుక్కలు చూపిస్తుంది.

నా కొలత ఇది: రానూపోనూ 8 నుంచి 14 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 300 నుంచి 700 మీటర్లు, చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు ఒకటో రెండో. తాడుగానీ ఈతగానీ తప్పనిసరి అయితే అది వేరే విద్య, ఈ పద్ధతి దానికి పనికిరాదు.

బయలుదేరే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి:

- ఈ నెలలో ఒక్కసారైనా 2 గంటలు ఏకబిగిన నడిచానా?
- వీపున 5 కిలోల బరువుతో 20 అంతస్తుల మెట్లు, ఆగి ఆగి అయినా, ఎక్కగలనా? (ఇది సుమారు 60 మీటర్ల ఎక్కుడు. 600 మీటర్ల ఎక్కుడంటే ఇలాంటివి పది.)
- మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి పెడుతున్నాయా?

మొదటి రెండింటికీ "లేదు" అంటే మూడు వారాలు ఆగండి, జలపాతం ఎక్కడికీ పోదు. మూడోదానికి "అవును" అయితే రెండు ట్రెక్కింగ్ కర్రలు కొనండి, లేదా అరువు తెచ్చుకోండి.

## 2. మ్యాప్‌లో దారిని చదవండి

దూరం చూసి వదిలేయకండి. కాంటూర్ గీతలున్న మ్యాప్ తెరవండి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసినవే ఈ గీతలు. గీతలు దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే చదును.

వాగును దాటే చోట ఈ గీతలు ఇంగ్లీషు వి అక్షరంలా వంగుతాయి. ఆ వి మొన ఎప్పుడూ ఎగువ వైపే చూస్తుంది. నీరు ఎటు నుంచి ఎటు పోతోందో మ్యాప్‌లో బాణం గుర్తు లేకపోయినా దీన్నిబట్టి తెలిసిపోతుంది. వాగు మీదే రెండు మూడు గీతలు ఒకదాన్నొకటి అంటుకున్నాయంటే అది జలపాతం. గీతకూ గీతకూ 20 మీటర్ల తేడా ఉన్న మ్యాప్‌లో మూడు గీతలు అతుక్కుంటే అక్కడ నీరు కనీసం 40 మీటర్లు కిందికి దూకుతోందన్నమాట. వాగుకు రెండు వైపులా గీతలు చిక్కగా ఉండి మధ్యలో సన్నటి సందు మిగిలితే అది ఇరుకు లోయ. వాన మొదలైతే పక్కకు ఎక్కి తప్పించుకోలేని చోటు కూడా అదే.

మ్యాప్‌లో గుర్తులు పెట్టుకోవాల్సినవి:

- వాగు దాటాల్సిన ప్రతి చోటు, వంతెన ఉందో లేదో
- ఇరుకు లోయ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది
- మధ్యలో బయటపడగల పక్కదారులు
- అన్నింటికన్నా నిటారైన ఎక్కుడు, అది వెళ్లేటప్పుడు వస్తుందా, వచ్చేటప్పుడా
- ఫోన్ సిగ్నల్ చివరిసారి అందే చోటు (ఇది వెళ్లొచ్చినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది)

చుట్టుదారి ఉంటే ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. తడిబండల మీద ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. జలపాతం పక్కన ఉన్న నిటారు దారిని ఎక్కడానికి, మట్టి బాటను దిగడానికి వాడుకునేలా దిశ ఎంచుకోండి. వెళ్లిన దారినే తిరిగి రావాల్సి ఉంటే ఈ వెసులుబాటు లేదు. అప్పుడు ఇక టైం లెక్కే దిక్కు.

## 3. టైం లెక్క: వెనక నుంచి ముందుకు

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక తేలిక లెక్క చెప్పాడు. ఇప్పటి కొలతల్లో అది ఇలా ఉంటుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మంచి దమ్మున్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే టైం ఇది. మనం ఆగుతాం, ఫోటోలు తీస్తాం, షూ విప్పి రాళ్లు దులుపుకుంటాం. అందుకని వచ్చిన అంకెను నేను ఒకటిన్నరతో హెచ్చిస్తాను.

ఒక ఉదాహరణ. వెళ్లేటప్పుడు 6 కిలోమీటర్లు, మధ్యలో 100 మీటర్ల ఎక్కుడు. వచ్చేటప్పుడు అదే 6 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు.

- వెళ్లడానికి: 72 నిమిషాలు + 10 నిమిషాలు = 82. ఒకటిన్నరతో హెచ్చిస్తే సుమారు 2 గంటల 5 నిమిషాలు.
- రావడానికి: 72 + 50 = 122. ఒకటిన్నరతో హెచ్చిస్తే సుమారు 3 గంటల 5 నిమిషాలు.
- వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట విశ్రాంతి. జలపాతం దగ్గర 45 నిమిషాలు.

మొత్తం దాదాపు 7 గంటలు. దూరం సమానమే అయినా రావడానికి గంట ఎక్కువ పడుతోంది చూడండి. "సగం టైం అయింది, వెనక్కి తిరుగుదాం" అనే లెక్క ఇక్కడ తప్పుతుంది.

ఇప్పుడు సూర్యాస్తమయం నుంచి వెనక్కి రండి. సూర్యుడు 6:15కు గుంకుతాడనుకుందాం. లోయలో గోడలు అడ్డం కాబట్టి అంతకన్నా ముందే మసక కమ్ముతుంది. అందుకని 2 గంటలు ముందే, అంటే 4:15కల్లా, బయట ఉండాలి. రావడానికి 3 గంటల 5 నిమిషాలు, విశ్రాంతితో 3 గంటల 35 నిమిషాలు. తీసేస్తే 12:40. జలపాతానికి ఇంకా 200 మీటర్లే ఉన్నా సరే, 12:40కి వెనక్కి తిరగాలి. నీటి హోరు వినిపిస్తున్నప్పుడు తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ టైం ఇంటి దగ్గరే నిర్ణయించి, కాగితం మీద రాసి, అందరికీ చెప్పి, ఫోన్‌లో అలారం పెట్టండి.

8 గంటలకు నడక మొదలుపెడితే 10:35కు జలపాతం, 11:20కి తిరుగు ప్రయాణం, 3 కొట్టకముందే బయట. గంటా ఇరవై నిమిషాలు చేతిలో మిగులుతాయి. ఆ మిగులే మీ ఇన్సూరెన్స్. 9:30కు బయలుదేరితే అది గల్లంతు.

నిటారు దిగుడుకు కూడా టైం పడుతుంది. రాతిమెట్లలాంటి దిగుడైతే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలుపుకోండి.

## 4. వాన సంగతి: మీ నెత్తిన పడేది కాదు, ఎగువన పడేది

జలపాతం నిండుగా ఉండేది వానల తర్వాతే, దారి ప్రమాదంగా ఉండేదీ అప్పుడే. భారీ వానలు తగ్గి, కొన్ని రోజులు తెరిపి ఇచ్చాక వెళ్లడం నాకు నచ్చిన మధ్యేమార్గం. నీరు బాగానే ఉంటుంది, వాగులు మాట వింటాయి.

వాతావరణం చూసేటప్పుడు దారి మొదలయ్యే ఊరి పేరు కొట్టి ఊరుకోకండి. ఆ వాగు ఎక్కడెక్కడి నుంచి నీళ్లు మోసుకొస్తుందో మ్యాప్‌లో చూసి ఆ ఎగువ ప్రాంతపు సూచన చూడండి. 20, 30 కిలోమీటర్ల అవతల కురిసిన కుంభవృష్టి మీ దగ్గరకు వచ్చేసరికి ఆకాశం నీలంగానే ఉండొచ్చు.

ముందు రోజు సాయంత్రం చూడాల్సినవి:

- ఎగువన గత 48 గంటల్లో వాన పడిందా, రాబోయే 24 గంటల్లో ఉందా
- మధ్యాహ్నం ఉరుములు, పిడుగుల సూచన ఉందా
- ఎగువన డ్యామ్ ఉందా, నీళ్లు వదిలే హెచ్చరిక ఏదైనా ఉందా
- దారి తెరిచే ఉందా, అనుమతి కావాలా, లోపలికి ఎన్ని గంటల వరకు వదులుతారు

మంచు కరిగి పారే వాగులైతే ఇంకో కిటుకు ఉంది. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున నీరు తక్కువ, మధ్యాహ్నం దాటాక ఎక్కువ. అలాంటి దారిలో దాటడాలన్నీ పొద్దున్నే అయిపోయేలా చూసుకోండి.

ఎగువన భారీ వాన సూచన ఉంటే రద్దు చేసుకోండి. "అక్కడిదాకా వెళ్లి చూద్దాం" అంటారు. వెళ్లాక తిరిగొచ్చేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

## 5. ఎవరితో, ఎవరికి చెప్పి

ముగ్గురు నలుగురు మంచి లెక్క. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, మిగతావాళ్లు సాయం కోసం వెళ్తారు. పది దాటితే ఇరుకు బాటలో వరస సాగిపోయి ముందున్నవాళ్లకు వెనక ఏం జరుగుతోందో తెలియదు.

ఇంటి దగ్గరుండే ఒక మనిషికి ఈ నాలుగు ముక్కలు రాసి పంపండి: ఏ దారి, ఎవరెవరు, ఎన్నింటికి బయటికి వస్తాం, ఎన్నింటిదాకా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. చివరిది తప్పక ఉండాలి. అది లేకపోతే ఆ మనిషి రాత్రి పదింటిదాకా "వస్తార్లే" అనుకుంటూ కూర్చుంటాడు.

## 6. కాళ్లకు, ఒంటికి

షూస్ గురించి ఒక్కటే పట్టుదల: కొత్తవి వద్దు. కనీసం 30, 40 కిలోమీటర్లు నడిచి కాలికి అలవాటైనవే వేసుకోండి. అడుగుభాగం మెత్తటి రబ్బరుతో, లోతైన గాడులతో ఉండాలి. వేలితో నొక్కితే గట్టిగా, నున్నగా తగిలే సోల్ తడిబండ మీద సబ్బుబిళ్లే. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు గుద్దుకోకుండా వేలెడు ఖాళీ ఉండాలి. రెండు రోజుల ముందే కాలిగోళ్లు తీసుకోండి, ఇది మరిచిపోయినవాళ్లకు దిగుడులో గోళ్లు నల్లబడతాయి.

వాటర్‌ప్రూఫ్ షూస్ కావాలా? వాగులు దాటే దారికి నేను వద్దంటాను. పైనుంచి ఒకసారి నీళ్లు చొరబడ్డాయంటే వాటిలోనే నిలిచిపోతాయి. తొందరగా నీళ్లు కారిపోయే జాలీ షూస్, మార్చుకోవడానికి ఇంకో జత సాక్సులు చాలు.

జీన్స్, నూలు టీషర్టు ఇంట్లో వదిలేయండి. తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. లోయ అడుగున ఎండ తక్కువ, జలపాతం దగ్గర గాలి, తుంపర. మండు వేసవిలో కూడా అక్కడ పావుగంట కూర్చుంటే వణుకు పుడుతుంది.

## 7. బ్యాగు

మొత్తం బరువు 5 నుంచి 7 కిలోలు దాటకూడదు. అన్నింటికన్నా ముందు లోపల ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి మెలితిప్పండి. బ్యాగు మీద తొడిగే వాన కవరు వానకు పనికొస్తుందిగానీ, వాగులో పడితే కాదు.

- నీళ్లు, నీరు శుద్ధి చేసే మాత్రలు లేదా ఫిల్టర్
- తిండి, దానిపైన ఒక పూట అదనంగా
- హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు (ఫోన్ టార్చి దీనికి బదులు కాదు, ఒక చేయి దానికే పోతుంది)
- వాన జాకెట్, వెచ్చటి పొర ఒకటి
- విజిల్, బ్యాగు పట్టీకి కట్టి
- ఫోన్, పవర్ బ్యాంక్, రెండూ జిప్ కవర్లలో
- కాగితం మ్యాప్, దిక్సూచి
- ప్రథమ చికిత్స: అంటుకునే టేపు, గాజుగుడ్డ, సాగే కట్టు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఎవరి మందులు వారివి
- ఒంటి వేడి పోకుండా చుట్టుకునే పల్చటి రేకు దుప్పటి (బరువు చాలా తక్కువ)
- చెత్త తిరిగి తేవడానికి ఖాళీ కవరు

మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దింపుకున్నాక ఇంటి దగ్గరే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. దింపుకున్నామనుకున్న మ్యాప్ అడవిలో బూడిదరంగు గళ్లుగా కనిపించడం అందరికీ ఒకసారి జరిగేదే.

## 8. నీళ్లు, తిండి

మనిషికి గంటకు అర లీటరు, ఎండ గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ. 7 గంటల నడకకు 3 లీటర్లు మోసి, మిగతాది దారిలో నింపుకుంటే సరిపోతుంది. ఎక్కుడు చివర్లో ఉంది కాబట్టి ఒక లీటరు సీసాను తిరుగు ప్రయాణానికని విడిగా ఉంచండి, వెళ్లేటప్పుడు ముట్టుకోవద్దు.

జలపాతం నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి, ఎగువన ఏ జంతువు ఏం చేసిందో కనిపించదు. మరిగిస్తే తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు. క్లోరిన్ మాత్రలకు సాధారణంగా అరగంట పడుతుంది, ప్యాకెట్ మీద రాసినట్టు చేయండి. చిన్న చేతిఫిల్టర్లు బ్యాక్టీరియాను ఆపుతాయిగానీ చాలావాటికి వైరస్‌లు చిక్కవు. మనుషులు, పశువులు ఉండే చోటికి దిగువన ఉంటే ఫిల్టర్ చేసి, తర్వాత మాత్ర వేయండి.

తిండి కూర్చుని తినేదిగా కాక, నడుస్తూ గుప్పెడు నోట్లో వేసుకునేదిగా ఉండాలి. ఉప్పగా ఒకటి, తియ్యగా ఒకటి. ఆకలయ్యాక కాదు, గంటకోసారి.

## 9. వాగు దాటడం

ఈ దారుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నీటివేగం రెట్టింపైతే మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. 15 సెంటీమీటర్ల లోతున్న నీరు కూడా వేగంగా పారితే పెద్ద మనిషిని పడేయగలదు. లోతు చూసి ధైర్యపడొద్దు, వేగం చూడండి. ఒక పుల్ల నీళ్లలో వేసి ఒడ్డు వెంట దానితో నడవండి. మీ చురుకైన నడక కన్నా పుల్ల ముందుపోతే దాటకండి. నీరు మోకాలు దాటి, వేగంగానూ ఉంటే ఇక ఆలోచనే వద్దు.

ఎక్కడ దాటాలి? నీరు వెడల్పుగా పరుచుకున్న చోట. ఇరుకుగా ఉన్న చోట దాటడం తేలిక అనిపిస్తుంది, లోతూ వేగమూ అక్కడే ఎక్కువ. మలుపు బయటి అంచు వద్దు. అన్నింటికన్నా ముందు దిగువకు చూడండి: కాలు జారితే కొట్టుకుపోయేది ఎక్కడికి? అటు జలపాతమో, అడ్డం పడ్డ చెట్లో ఉంటే ఆ చోటు వదిలేయండి. జలపాతానికి ఎగువన దగ్గర్లో ఎప్పుడూ దాటవద్దు, పాదం మునిగేంత నీరే అయినా సరే.

దాటే వరస:

1. బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి. పడితే బ్యాగు వదిలించుకోగలగాలి.
2. షూస్ వేసుకునే దిగండి. ఉత్తకాళ్లకు పట్టు ఉండదు.
3. ముఖం ఎగువకు పెట్టి, కర్రను ఎగువ వైపు గుచ్చి, పక్కకు అడుగులేయండి. కర్ర కదిలితే కాళ్లు కదలొద్దు, కాలు కదిలితే కర్ర కదలొద్దు.
4. రాయి మీంచి రాయి మీదకు గెంతొద్దు. పాదాన్ని అడుగున ఈడుస్తూ తడుముకోండి.
5. గుంపుగా అయితే భుజాలు, బ్యాగు పట్టీలు పట్టుకుని ఎదుటి ఒడ్డు వైపు తిరిగి ఒకే వరసగా నిలబడండి. ఎగువ చివర బలమైన మనిషి. అందరూ కలిసి కదలాలి.
6. ఒంటికి తాడు కట్టుకోవద్దు. పడితే అదే తాడు నీటి కింద పట్టి ఉంచుతుంది.

పడిపోతే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువ వైపు పెట్టి, పైకి తేలేలా ఉంచండి. వేగంగా పారే నీటిలో నిలబడబోతే రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటుంది. ఏటవాలుగా ఈదుతూ ఒడ్డు పట్టండి.

ఒకసారి నలుగురం వెళ్లాం. పొద్దున దాటిన వాగు పిక్కల దాకా వచ్చింది, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేట. ఒడ్డున ఒక చదునైన రాయి మీద కూర్చుని లేసులు బిగించుకున్నాను. పగలంతా మా మీద ఒక్క చినుకు పడలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి నీళ్లు టీ రంగులో ఉన్నాయి, నేను కూర్చున్న రాయి ఎక్కడా కనిపించలేదు. మాలో ఒకడు "తొడల దాకా ఉంటుందేమో, చేతులు పట్టుకుని పోదాం" అన్నాడు. నేనూ ఒక అడుగు వేశాను, మోకాలి వెనక ఎవరో తన్నినట్టయింది. వెనక్కి వచ్చి, నీటి అంచున సరిగ్గా ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాం. అరగంటకు పుల్ల మునిగింది. ఇంకాసేపటికి మళ్లీ తేలింది. గంటన్నరకు నీళ్లు పుల్లకు జానెడు దిగువకు జరిగాయి. మొత్తం 2 గంటల 40 నిమిషాలు ఆగి దాటాం, చివరి గంట హెడ్‌ల్యాంపుల వెలుగులో నడిచాం. ఆ అదనపు తిండి, వెచ్చటి పొర, బ్యాటరీలు నా జాబితాలోకి వచ్చింది ఆ రోజు నుంచే.

పుల్ల గుచ్చడం మీరూ చేయండి. నీరు పెరుగుతోందా తగ్గుతోందా అని కళ్లతో చూసి చెప్పలేం.

## 10. జలపాతం దగ్గర

బండల రంగు చూడండి. పొడిగా, గరుకుగా, లేత రంగులో ఉన్నది నమ్మదగ్గది. నల్లగా మెరిసేది, పచ్చటి పాచి ఉన్నది కాదు. కాలు పెట్టక తప్పకపోతే పాదం మొత్తం ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులు వేయండి.

జలపాతం పైఅంచుకు వెళ్లొద్దు. ఏళ్ల తరబడి నీటికి అరిగి నున్నబడ్డ రాయి, పైగా కిందికి వాలు. ఫోటో కావాలంటే కింది నుంచో పక్క నుంచో తీసుకోండి, నిజానికి అక్కడి నుంచే బాగా వస్తుంది.

నీళ్లు నేరుగా పడే చోట నిలబడకండి. నీటితోపాటు రాళ్లూ కొమ్మలూ వస్తాయి. మడుగులో దిగడం మరీ జాగ్రత్త. నీరు పడే చోట తెల్లటి నురగంతా గాలి కలిసిన నీరు, అందులో మనిషి మామూలుగా తేలినట్టు తేలడు. దూకే నీరు అడుగుకు వెళ్లి మళ్లీ జలపాతం వైపే తిరుగుతుంటుంది, దాంట్లో చిక్కితే ఈతగాడు కూడా బయటపడలేడు. పైనుంచి దూకడం గురించి వేరే చెప్పక్కర్లేదు. పోయినేడు లోతున్న మడుగులో ఈ ఏడు ఒక బండ వచ్చి కూర్చుని ఉండొచ్చు.

## 11. ఇరుకు లోయలో

రెండు గోడల మధ్య నడిచేటప్పుడు బుర్రలో ఒక ప్రశ్న నడుస్తూ ఉండాలి: ఇప్పుడు నీళ్లు వస్తే నేను ఎటు ఎక్కుతాను? సమాధానం దొరకని ముక్క ఎంత పొడవుంటే అంత వేగంగా దాటేయండి. అక్కడ భోజనాలు, ఫోటోలు వద్దు.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా సామాను వదిలైనా సరే, పైకి ఎక్కేయండి:

- తేట నీరు ఉన్నట్టుండి మురికిగా మారడం
- ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం
- ఎగువ నుంచి రైలు వస్తున్నట్టు హోరు
- పారే నీరు ఒక్కసారిగా తగ్గిపోవడం (ఎగువన ఏదో అడ్డం పడి నీరు నిలుస్తోందన్నమాట, అది తెగితే ఒక్కసారిగా వస్తుంది)

గోడల వెంట తలెత్తున, అంతకన్నా పైన చిక్కుకున్న చెత్త, ఎండుగడ్డి కనిపిస్తే గమనించండి. పాత వరద ఎంత ఎత్తున వచ్చిందో అది చెబుతుంది.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు ఉంటే శిఖరం, ఒంటరి చెట్టు, నీటి అంచు వదిలి కిందుగా ఉన్న చోటికి చేరండి, వరద దారిలోకి కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

లోయలో జీపీఎస్ తడబడుతుంది. గోడలు ఉపగ్రహాలను దాచేస్తాయి, సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఫోన్‌లో మీ చుక్క వాగుకు అవతలి ఒడ్డున కనిపిస్తే కంగారుపడి దారి మార్చకండి. మ్యాప్‌లో చూసుకున్న మలుపులు, కలిసే పిల్లవాగులు లెక్కపెట్టుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, సాధారణంగా జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది.

## 12. తరచూ జరిగే తప్పులు, అక్కడికక్కడే దిద్దుబాటు

దిగుడులో పరిగెత్తడం. తొడలు వణకడం మొదలైతే అప్పటికే ఆలస్యమైంది. 10 నిమిషాలు ఆగి, తిని, చిన్న అడుగులతో కదలండి.

మడమ దగ్గర వేడి పుట్టినా నడుస్తూ పోవడం. బొబ్బ రాకముందు వచ్చే కబురది. అక్కడే షూ విప్పి, ఆరబెట్టి, టేపు నున్నగా అంటించండి. 3 నిమిషాల పని.

వేగంగా నడిచేవాళ్ల వెనక గుంపు పరిగెత్తడం. నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి. గుంపు వేగం దానంతటదే కుదురుతుంది.

దారి తప్పామని అనుమానం వచ్చాక కూడా ముందుకే పోవడం. ఆగండి. తెలిసిన చివరి చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. "వాగు వెంట దిగితే ఊరు వస్తుంది" అన్న సలహా జలపాతాల దేశంలో పనికిరాదు, వాగు వెంట దిగితే వచ్చేది జలపాతం పైఅంచు.

తడిబట్టలతో కూర్చుని తినడం. ముందు వెచ్చటి పొర, తర్వాత తిండి. ఎవరైనా వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, తడబడుతుంటే చలి లోపలికి దిగింది. తడి విప్పించి, పొడిబట్ట చుట్టి, తియ్యటిది తినిపించండి.

## 13. ఎవరికైనా దెబ్బ తగిలితే

చీలమండ మడతపడితే షూ విప్పకుండా కాసేపు కాలు ఎత్తి పెట్టించండి. ఆ కాలి మీద బరువు వేసి నాలుగు అడుగులు వేయగలిగితే కట్టు బిగించి, కర్రల సాయంతో నెమ్మదిగా బయటికి రావచ్చు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగిందేమోనని అనుమానించాలి, నడిపించొద్దు.

సాయం పిలవడానికి విజిల్ నిమిషంలో ఆరుసార్లు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ. చాలా దేశాల్లో ఇదే ఆపద గుర్తు, ఉత్తర అమెరికాలో మూడుసార్లు. జలపాతం పక్కన నిలబడి ఊదితే హోరులో కలిసిపోతుంది, వంద అడుగులైనా దూరం జరిగి ఊదండి. అనేక దేశాల్లో 112 పనిచేస్తుంది. మీ ఫోన్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్లే వీలుంది. సాయం కోసం వెళ్లేవాళ్ల చేతికి కాగితం మీద రాసివ్వండి: ఎక్కడ, ఎంతమంది, ఏం దెబ్బ, ఎన్నింటికి.

## 14. ఇంటికి చేరాక పది నిమిషాలు

- ఇంటి దగ్గరుండే మనిషికి "వచ్చేశాం" అని చెప్పండి, అందరికన్నా ముందు.
- సాక్సుల అంచులు, మోకాళ్ల వెనక, నడుం దగ్గర జలగలు, గోమార్లు ఉన్నాయేమో చూసుకోండి.
- షూస్ లోపలి అట్టలు తీసి, కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలోనో హీటర్ ముందో పెడితే జిగురు ఊడుతుంది.
- ఎన్నింటికి ఎక్కడున్నారో ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ చివరిది విసుగు పనిలా ఉంటుంది, వచ్చేసారికి అదే పనికొస్తుంది. మీకు నిజంగా పట్టిన నడక టైంను నైస్మిత్ లెక్కతో భాగించండి. నా ఒకటిన్నర అలా నాలుగైదు నడకల తర్వాత తేలిన అంకె. మీది 1.3 కావచ్చు, పిల్లలతో వెళ్తే 2 దాటొచ్చు. తర్వాతి ప్లాన్‌లో నా అంకె కొట్టేసి మీది వేసుకోండి.